వివాహ వైభవం – పొదుపు ఎవరిది?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని తెలుగువారు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. ఈ హెచ్చరిక ఎవరికి చేసినదో సామెతలో లేదు, ఉండనక్కరలేదు కూడా. అది ఆడపిల్ల తండ్రికి చేసిన హెచ్చరిక. మగపిల్లవాని తండ్రి కూడా పెళ్ళి చేస్తాడు గాని, ఆ చేయడంలో అతడు చూడవలసినది పెద్దగా ఏమీ ఉండదు. విడిదింటిలో దిండుకు ఆనుకొని కూర్చుండి, కాఫీ చల్లారిపోయినదని కబురు పంపడంతో అతని బాధ్యత చాలావరకు తీరిపోతుంది. గంగా యమునా మైదానంలో కాఫీకి బదులు శర్బత్తు, విడిదికి బదులు ‘జన్‌వాసా’. తక్కిన తంతు అంతా ఒక్కటే.

తక్కువ ఖర్చుతో, అయినా పదికాలాలపాటు గుర్తుండేటట్లు పెళ్ళి చేయడం ఎట్లా అన్న ప్రశ్న ఈనాడు మధ్యతరగతి ఇళ్ళలో తరచుగా వినిపిస్తున్నది. మంచి ప్రశ్నే. కాని దానికి దొరికే సమాధానాలన్నీ ఒకే వ్యక్తికి చేసే ఉపదేశాలు: పూలు తగ్గించు, దీపాలు తగ్గించు, శుభలేఖలు చౌకరకానివి అచ్చు వేయించు, అప్పు చేయకు. ఉపదేశం వినేవాడు వధువు తండ్రి. ఖర్చును నిర్ణయించేవాడు వరుని తండ్రి. రోగం ఒకరిది, పథ్యం మరొకరిది.

ఈ ఉపదేశం కొత్తది కాదు. 1887లో రనడే, రఘునాథరావుల చొరవతో ఆరంభమైన జాతీయ సాంఘిక సభ చర్చించిన విషయాలలో వివాహవ్యయం ఒకటి. ఆ మరుసటి సంవత్సరం రాజపుత్రస్థానంలో వాల్టర్ అనే ఆంగ్లాధికారి ప్రోద్బలంతో వెలసిన రాజపుత్ర హితకారిణీ సభ పెళ్ళిళ్ళకూ చావులకూ ఎవరు ఎంత ఖర్చు పెట్టవచ్చునో వారివారి ఆదాయాన్నిబట్టి నిర్ణయించింది. ఉత్తరాదిలోని కులసభలు కూడా ఇటువంటి తీర్మానాలు కుప్పలుగా చేశాయి. తీర్మానాన్ని ప్రతిపాదించినవారిలోను, బలపరచినవారిలోను, కరతాళధ్వనుల మధ్య ఆమోదించినవారిలోను తమ కుమారుల పెళ్ళిళ్ళకు ఏనుగులను, మేళాలను, బాణసంచాను వెంటబెట్టుకొని తరలివెళ్ళినవారు తక్కువేమీ కారు. సభలో వారు ఆడపిల్లల తండ్రులు. పందిట్లో మగపిల్లల తండ్రులు.

పరదేశ పాలకులకు ఈ వాదం మరింత ఇంపుగా ఉండేది. రైతు అప్పులలో మునగడానికి శిస్తు కారణమని ఒప్పుకోవడం కంటె, పెళ్ళిళ్ళలో దుబారా కారణమని చెప్పడం సుఖం. అయితే 1875లో పూనా, అహమద్‌నగర్ జిల్లాల రైతులు షావుకార్ల మీద తిరగబడి పత్రాలు తగులబెట్టిన తరువాత, విచారణకై ఆ ప్రభుత్వమే నియమించిన సంఘం, రైతు ఋణబాధకు పెళ్ళి ఖర్చును ఇంత పెద్ద కారణంగా చూపడం తగదని అభిప్రాయపడింది. అర్ధశతాబ్ది తరువాత, 1925లో, పంజాబు రైతు అప్పులను గురించి గ్రంథం వెలువరించిన మాల్కం డార్లింగ్ వివాహవ్యయాన్ని ముఖ్యకారణాలలో ఒకటిగా లెక్కించాడు. ఇద్దరి మాటలోను సత్యమున్నది. శిస్తు ఏటేటా పిండుతుంది. పెళ్ళి ఒక్క రాత్రిలో పిండుతుంది. ఏటేటా పిండినవాడు దోషి అయినంత మాత్రాన ఆ రాత్రి పిండినవాడు నిర్దోషి కాడు. అతడు వియ్యంకుడు కావడం వల్ల అసలే కాడు.

ఈ సంగతిని సంస్కర్తలందరి కంటె స్పష్టంగా చూచినవాడు ప్రేమ్‌చంద్. అలహాబాదులోని ‘చాంద్’ పత్రికలో 1925–26 సంవత్సరాలలో ధారావాహికంగా వెలువడిన ‘నిర్మల’ నవల కథ పాఠకులకు తెలిసినదే. వకీలు ఉదయభానులాల్ తన పెద్దకూతురికి సంబంధం కుదుర్చుకొంటాడు. వరుని తండ్రి ఉదారుడు. కట్నం ఇచ్చినా, ఇవ్వకున్నా తనకు పట్టింపు లేదంటాడు. బారాత్‌లో వచ్చే పెద్దమనుషులకు మాత్రం లోటు జరగరాదనీ, జరిగితే ఇద్దరూ నవ్వులపాలు కావలసి వస్తుందనీ అంటాడు. ఎంత మెత్తని మాట! ఆ మాటతోనే ఆ యింటి పతనం ఆరంభమవుతుంది. కట్నానికైతే ఒక అంకె ఉంటుంది, బేరమాడవచ్చు. ‘లోటు జరగరాదు’ అన్నదానికి అంకె ఎక్కడ? అంచనా పెరుగుతూ పోతుంది. ఇంత అప్పు ఎందుకని భార్య అడ్డు చెప్పుతుంది. మాటా మాటా పెరిగి ఆయన రాత్రివేళ ఇల్లు విడిచి వెళ్ళి, పాతపగ పెట్టుకొన్న ఒక దుర్మార్గుని చేతిలో ప్రాణాలు పోగొట్టుకొంటాడు. తండ్రి పోయిన పిల్ల వల్ల రాబడి ఉండదని తెలియగానే ఆ ఉదారుడు సంబంధం వదులుకొంటాడు. నిర్మల తండ్రి యీడు వకీలుకు రెండవ భార్య అవుతుంది. దీనిని కట్నం మీద వ్రాసిన నవలగా చదవడం వాడుక. మొదటి అధ్యాయంలో ఉన్నది మాత్రం కట్నం కాదు, విందు.

మన ‘వరవిక్రయం’ నాటకం 1921లోనే వెలువడింది. కాళ్ళకూరి నారాయణరావు బేరాన్ని బేరంగానే రంగస్థలం మీదికి ఎక్కించి, ప్రేక్షకుల చేత అసహ్యించుకొనేటట్లు చేశాడు. ప్రేమ్‌చంద్ చూపినది బేరం కంటె చిక్కయిన విషయం, బేరం లేదని చెప్పేవాని బేరం. తెలుగుదేశంలో కూడా నేడు ‘మాకేమీ వద్దు, పెళ్ళి ఘనంగా చేయండి చాలు’ అనే వియ్యంకులు పెరుగుతున్నారు. 1961లో వచ్చిన కట్నాల నిషేధచట్టం వీరిని తాకలేదు. ఆ చట్టంకోసం పార్లమెంటు ఉభయసభలు కలిసి కూర్చోవలసి వచ్చింది. గణతంత్రం ఏర్పడిన తరువాత అటువంటి సమావేశం అదే మొదటిది. అంత శ్రమపడి చేసిన చట్టంలో విస్తరి మీద వడ్డించినది కట్నంగా ఎక్కడా లెక్కకు రాదు. లెక్కకు రానిదానిలోనే ఇప్పుడు కట్నం దాగి ఉన్నది.

‘గోదాన్’ 1936లో వచ్చింది. అందులో హోరీ పెద్దకూతురు సోనా, తన తలిదండ్రులు అప్పుల ఊబిలో ఉన్న సంగతి ఎరిగినది కాబట్టి, కట్నం పుచ్చుకొనేటట్లయితే ఈ పెళ్ళే వద్దని కాబోయే భర్తకు రహస్యంగా కబురు పంపుతుంది. అతడు మంచివాడు. అతని తండ్రి కూడా ఏమీ అక్కరలేదని ఉత్తరం వ్రాస్తాడు. కథ ఇక్కడితో సుఖాంతం కావలసినది. కాని ధనియా ఒప్పుకోదు. వారు అడగకపోయినా తమ మర్యాదకు తగినట్లు ఇచ్చి తీరాలంటుంది. రెండువందలు అప్పు పుడుతుంది. ఆ తరువాత నేల నిలుపుకోవడానికి మరొక రెండువందలు అవసరమై, చిన్నకూతురు రూపను నలభై దాటిన రామసేవక్‌కు ఇచ్చి చేయవలసి వస్తుంది.

ధనియా చేసినది మూర్ఖత్వమని సంస్కర్త అంటాడు. అట్లా అనడం తేలిక. వరుని తండ్రి ఉత్తరంలో వ్రాసినది మన్నింపు. అది దయ. ఆత్మాభిమానం గల పేదలు దయను పుచ్చుకోలేరు. పుచ్చుకొన్ననాడు కూతురు అత్తింట జీవితాంతం ఆ దయను మోయవలసి ఉంటుందని ధనియాకు తెలుసు. అతడు ‘మీరేమీ ఇవ్వనక్కరలేదు’ అనడానికి బదులు ‘ఖర్చులో సగం మాది’ అని ఉంటే ఆమె ఆత్మాభిమానానికి కొరత లేకపోయేది, అప్పు అవసరం లేకపోయేది. మితవ్యయాన్ని గురించి మాట్లాడే పెద్దలు పట్టించుకొననిది ఈ తేడానే. మన్నింపుతో పని జరగదు; పంపకం కావాలి. బిడ్డ ఇద్దరి ఇంటిలోను పుట్టినది. పెళ్ళి ఇద్దరికీ జరుగుతున్నది. ఖర్చు ఒక్కరిది కావడానికి ఏ శాస్త్రం ఆధారమో ఎవరైనా చెప్పాలి.

శాస్త్రమన్న మాట వచ్చింది కాబట్టి, అది అడిగినదేమిటో చూడడం మంచిది. 1955 నాటి హిందూ వివాహచట్టం, వధూవరులలో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరగాలన్నది. ఆ తంతులో సప్తపది ఉంటే ఏడవ అడుగుతో పెళ్ళి పూర్తి అయినట్లే అన్నది. ఏడు అడుగులకు, ఒక అగ్నికి, గరిటెడు నేతికి, నాలుగు సమిధలకు ఎంత కావాలి? తెలుగువారికి ముహూర్తమంటే జీలకర్ర బెల్లం తల మీద పెట్టుకొనే క్షణం. ఆ జీలకర్ర, ఆ బెల్లం ఏ పేదవాని వంటింటిలోనైనా ఉంటాయి. ఉత్తరాదిలో చిటికెడు సిందూరం. నికాహుకు ఇరువురి అంగీకారం, సాక్షులు, మహరు. సిక్కుల ఆనందకారజ్‌కు గురుగ్రంథసాహెబు చుట్టూ నాలుగు ప్రదక్షిణలు. తమిళదేశంలో 1967లో అన్నాదురై ప్రభుత్వం చేసిన సవరణ ప్రకారం బంధుమిత్రుల ఎదుట దండలు మార్చుకొన్నా చాలు, పురోహితుడు కూడా అక్కరలేదు. 2024లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పుతూ, వివాహమంటే ఆటపాటలకూ తిని త్రాగడానికీ ఏర్పాటు చేసిన సంబరం కాదన్నది. ఈ దేశంలోని ఏ మతమూ పెళ్ళిని ఖరీదైనదిగా చేయలేదు. ఖరీదు చేసినవారు పెళ్ళికి వచ్చినవారు.

వచ్చేవారిని గురించి కొంత వివరంగా చెప్పుకోవలసి ఉన్నది. బారాత్ అంటే వరునితోపాటు తరలివచ్చే మగపెళ్ళివారి సమూహం. దానిలో ఎందరు ఉండాలన్నది వరుని తండ్రి ఇష్టం. వందమంది అని మాట ఇచ్చి రెండువందలమందితో దిగడం పౌరుషానికి గుర్తుగా చెల్లుబాటు అవుతుంది. వధువు తండ్రి చేతులు జోడించి ద్వారం దగ్గర నిలుచుంటాడు. లెక్క పెట్టే ధైర్యం అతనికి ఉండదు. పూర్వాంచలంలోను, పశ్చిమ బీహారులోను బారాత్ మూడు రోజులు నిలిచేది. పెళ్ళి జరిగిన మరునాడు కూడా ఉండిపోవడాన్ని భోజపురిలో ‘మరజాద్’ అనేవారు. అది మన ‘మర్యాద’ అన్న మాటే. ఒకరి ఇంట మూడు రోజులు కూర్చుండి తినడానికి ఆ మాట పేరుగా మారినదంటే భాషకు కూడా వియ్యాలవారి భయం ఉన్నదన్నమాట.

ఆ మరజాద్ నేడు దాదాపు కనుమరుగైంది. బారాత్ సాయంకాలం వచ్చి, తెల్లవారేసరికి తిరుగుముఖం పడుతున్నది. తెలుగునాట అయిదు రోజుల పెళ్ళి ఒక రోజుకు దిగింది. రోజులు తగ్గినందుకు ఏ జంట కాపురమూ చెడలేదు. ఏ పితృదేవతా శపించలేదు. ‘అనాదిగా వస్తున్న ఆచారం’ అనేవారు ఈ ఒక్క ఉదాహరణను నెమరు వేసుకోవాలి. ఆచారం మారదన్నది అబద్ధం. సెలవు దొరకక, బస చూపలేక, రైలు వేళకు అందుకోవలసి వచ్చి మూడు రోజులు ఒక్క రాత్రి అయ్యాయి. అందరికీ ఇబ్బంది కలిగినప్పుడు ఆచారం చప్పుడు లేకుండా మారుతుంది. ఆడపిల్ల తండ్రి ఒక్కనికే ఇబ్బంది అయినప్పుడు అది అనాది అవుతుంది.

చట్టంతో దీనిని మార్చవచ్చునా? పొరుగుదేశం ప్రయత్నించింది. పాకిస్తాన్‌లో 1997లో వచ్చిన చట్టం పెళ్ళిళ్ళలో భోజనాన్నే నిషేధించి, పానీయాలతో సరిపెట్టుకొమ్మన్నది. 2016లో అక్కడి పంజాబు రాష్ట్రం కొంత దిగివచ్చి, ఒక్క కూరతో విందు ముగించాలన్నది. 2017లో జమ్ము కాశ్మీరు ప్రభుత్వం కూతురి పెళ్ళికి 500 మంది, కొడుకు పెళ్ళికి 400 మంది అని హద్దు గీచింది. కూతురి పెళ్ళికి వంద ఎక్కువ! ఆ వంద ఎందుకో విప్పి చెప్పనక్కరలేదు. బారాత్‌కు చాప వేయాలి కదా. కూరలను, తలలను లెక్కించే చట్టాలన్నీ ఖర్చును ఎవరు భరించాలన్న ప్రశ్నను తప్పుకొని పోయాయి.

మనుషులు చేయలేకపోయిన పని 2020లో మహమ్మారి చేసింది. ఆ సంవత్సరం మే నెలలో కేంద్రప్రభుత్వం పెళ్ళికి 50 మందికి మించరాదని నిబంధన విధించింది. దేశమంతటా పెరటిలో, మిద్దె మీద, గుడి మండపంలో పెళ్ళిళ్ళు జరిగాయి. ఇరుపక్షాలకూ ఒకే భయం, ఒకే హద్దు. ఎవరి మర్యాదా మంటగలియలేదు. ‘నలుగురు ఏమనుకొంటారు’ అని శతాబ్దాలుగా బెదిరించిన ఆ నలుగురు తలుపు వేసుకొని ఇంట్లో కూర్చున్నారు. నాటి పెళ్ళిళ్ళను వాటి జంటలు మరచిపోయాయా? ఎవరినైనా అడగవచ్చు. ఎవరెవరు వచ్చారో పేరుపేరునా చెప్పగలరు. వేయిమంది వచ్చిన పెళ్ళిలో వచ్చినవారి పేర్లు కానుకల పుస్తకంలో తప్ప మరెక్కడా మిగలవు. అయితే నిబంధన సడలగానే పాత రోగం తిరగబెట్టింది. భయం వల్ల వచ్చిన పొదుపు భయం పోగానే పోతుంది.

ఆదర్శం చెప్పి ఆచరణ చెప్పకపోవడం సంస్కర్తలకు పాత అలవాటు కాబట్టి, ఆచరణ కూడా చెప్పుకోవాలి. బలియాలోనో, బాపట్లలోనో ఒక పాఠశాల ఉపాధ్యాయుడున్నాడు. రెండు ఇళ్ళవారు కలిసి, అప్పు లేకుండా, మూడు లక్షలు సమకూర్చగలరనుకొందాం. ఆరువందలమందిని పిలిస్తే తలకు ఐదువందలు. అందులోనే భోజనం, పందిరి, దీపాలు, బట్టలు, బంగారం, పురోహితుడు, మేళం. నూటయాభైమందిని పిలిస్తే తలకు రెండువేలు. ఇక పూలు తగ్గించాలా, స్వీట్లు తగ్గించాలా అన్న తర్కంతో పనిలేదు. పెళ్ళి ఖర్చు అంతా ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది, వచ్చేవారి అంకె. ఆ అంకె నిశ్చయమైతే తక్కినవన్నీ దానివెంట నడుస్తాయి. నిశ్చయం కాకపోతే ఎన్ని చోట్ల కోత పెట్టినా మరొక చోట నుంచి కారిపోతుంది.

రెండవది తేదీ. ఉత్తరాదిలో దేవోత్థాన ఏకాదశితో ముహూర్తాలు మొదలై, ‘ఖర్‌మాస్’ రాగానే ఆగుతాయి. తెలుగువారికి మూఢాలు, శూన్యమాసాలు ఉన్నవి. మిగిలిన కొద్ది రోజుల మీద ఊరంతా ఒక్కసారిగా పడుతుంది కాబట్టి కల్యాణమండపం అద్దె మొదలు సన్నాయివారి సంభావన వరకు అన్నీ ఆకాశాన్ని అంటుతాయి. గ్రహాలను ఎదిరించే ధైర్యం లేనివారు కూడా పంచాంగంలోని రెండవ తరగతి ముహూర్తాన్ని, సెలవుదినం కాని వారాన్ని, పగటివేళను ఎన్నుకోవచ్చు. పగటి పెళ్ళికి దీపాలు సూర్యుడే పెడతాడు. సత్యనారాయణస్వామి కొండ మీద, తిరుమలలో, ఊరి రామాలయంలో పెళ్ళి చేసుకొనే తెలుగువారి పాత అలవాటు నామోషీ కాదు. మండపానికి వేలు పోసి, గోడకు అట్ట గోపురం తగిలించుకోవడమే నామోషీ.

ఇక భోజనం. ఇక్కడ సాధారణ సంస్కర్తతో విభేదించక తప్పదు. కోత పెట్టవలసిన చోట్లలో భోజనం చివరిది. పేదవాడు ఏడాదంతా గంజి త్రాగి, కూతురి పెళ్ళినాడు ఊరికి కడుపునిండా పెట్టడం దుబారా కాదు. ఆ ఒక్క రోజు అతడు పుచ్చుకొనేవాడు గాక పెట్టేవాడవుతాడు. దానిని అతని నుంచి లాక్కొని, పళ్ళెంలో రెండు బిస్కట్లు పెట్టి పంపమనేవానికి గ్రామం తెలియదు. పూర్వం ఆ విందు కూడా ఒక్కని మీద పడేది కాదు. భోజపురి పల్లెలో పెళ్ళి అనగానే ఇంటింటి నుంచి మంచాలు, పరుపులు, గిన్నెలు వచ్చేవి. పాడి ఉన్న ఇంటివారు పెరుగు పంపేవారు. ‘న్యోతా’ పుస్తకంలో ఎవరు ఎంత ఇచ్చారో వ్రాసి ఉంచుకొని, వారింట శుభకార్యమైనప్పుడు అంత, కొంచెం ఎక్కువగా తిరిగి ఇచ్చేవారు. తెలుగునాట చదివింపుల పద్ధతి అదే. పందిరి రాట పాతడానికి, తాటాకు కప్పడానికి, కూరలు తరగడానికి, వడ్డించడానికి వీధి అంతా తరలివచ్చేది. వడ్డీ లేని ఈ ఋణవ్యవస్థను ఏ బ్యాంకూ సృష్టించలేదు. నేడు తలకు ఇంత అని కాంట్రాక్టుకు వంట అప్పగించిన తరువాత పక్కింటివారు చేయవలసిన పని ఏమీ లేకపోయింది. వారు కూడా అతిథులయ్యారు. పనిచేసినవాడు పెళ్ళిని జ్ఞాపకం పెట్టుకొంటాడు. వరుసలో నిలబడి పళ్ళెం పట్టుకొన్నవాడు పనీరు ముక్క చిన్నదని జ్ఞాపకం పెట్టుకొంటాడు.

జ్ఞాపకమే కదా అందరూ కోరేది! అది ఎక్కడ పుట్టుతుందో మిథిలను చూచి తెలుసుకోవాలి. అక్కడ పెళ్ళివారి ఇంటిలో వధూవరులు మొదటి రాత్రులు గడిపే గదిని ‘కోహ్‌బర్’ అంటారు. దాని గోడ మీద తామరాకులు, వెదురు పొద, చేపలు, చిలుకలు, సూర్యచంద్రులు చిత్రించడం ఆ యింటి స్త్రీల పని. బియ్యపు పిండి, మసి, ఆకుపసర్లు, వెదురుపుల్లకు చుట్టిన దూది, ఇవే సామగ్రి. 1934 నాటి బీహారు భూకంపంలో గోడలు కూలినప్పుడు, నష్టం చూడవచ్చిన విలియం ఆర్చర్ అనే అధికారి కంటికి లోపలి గదుల చిత్రాలు కనబడ్డాయి. 1966–67లో క్షామం వచ్చినప్పుడు ఆ స్త్రీల చేత అవే చిత్రాలను కాగితం మీద వేయించి అమ్మే ఏర్పాటు జరిగింది. ప్రపంచంలోని ప్రదర్శనశాలలలో నేడు మధుబని చిత్రమన్న పేరుతో వ్రేలాడుతున్నది ఒక సామాన్యుని ఇంటి పెళ్ళి అలంకారం. దానికి నాడు అయిన ఖర్చు గుప్పెడు బియ్యం.

అదేవిధంగా బారాత్ భోజనానికి కూర్చున్నప్పుడు తలుపు చాటు నుంచి స్త్రీలు పాడే ‘గారీ’ పాటలు. వరుని తండ్రిని, మేనమామను, చివరకు వారి పూర్వులను కూడా తిట్టే పాటలు అవి. మన వియ్యాలవారి పాటలకు తోబుట్టువులు. సంవత్సరమంతా నోరెత్తరాని ఆడవారికి ఆ గంటసేపు అధికారం. వరుని తండ్రి నవ్వుతూ వినవలసినదే. అతని అహంకారానికి సంప్రదాయం పెట్టిన పన్ను అది. ఆ పన్నును ఇప్పుడు అద్దెకు తెచ్చిన లౌడ్‌స్పీకరు రద్దు చేసింది. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్‌కే హైఁ కౌన్’ చిత్రం తెలుగులో కూడా ‘ప్రేమాలయం’గా ఆడింది. ఆ చిత్రమొక్కటే కారణమని కాదు గాని, అటువంటి వాటి వెంట మెహందీ, సంగీత్, వరుని చెప్పులు దాచే ఆట దక్షిణాదికి దిగాయి. ఉత్తరాది నుంచి తెచ్చుకోదగినవి వేరే ఉన్నవి. ఖర్చు పెట్టించేవాటిని తెచ్చుకొని, నవ్వించేవాటిని అక్కడే వదలివేసి వచ్చాము. మన అలకపాన్పును, బంతులాటను పంతులుగారు అయిదు నిమిషాలలో ముగించమని తొందరపడతారు. కెమేరా దీపాలకు మాత్రం గంటలు.

మహాపురుషుల ఉదాహరణలు కూడా ఇక్కడ చెప్పుకోవడం రివాజు. 1928లో మీర్జాపురంలో లాల్ బహదూర్ శాస్త్రి పెళ్ళి జరిగినప్పుడు ఆయన మామగారి నుంచి పుచ్చుకొన్నది ఒక చరఖా, కొన్ని గజాల ఖద్దరు. 1942 మార్చిలో అలహాబాదు ఆనందభవనంలో ఇందిర పెళ్ళికి కట్టుకొన్నది తండ్రి నెహ్రూ జైలులో వడికిన నూలు చీర. ఈ రెండూ గుర్తుండిపోయిన పెళ్ళిళ్ళే. కాని రెండింటినీ ఒకే త్రాసులో తూచరాదు. ఆనందభవనంలోని ఖద్దరు చీరను లోకం ఆదర్శమన్నది; ఏ గుమాస్తా కూతురో అదే చీర కట్టుకొంటే అదే లోకం దరిద్రమంటుంది. ఖర్చు పెట్టగలిగినవాని నిరాడంబరత కూడా ఒక వైభవమే. శాస్త్రిది వేరు. పేదింటి కుర్రవాడు, పెళ్ళికొడుకు. అతడు తానే ముందుగా వద్దన్నాడు. ఆ నూలుచీర కంటె ఈ చరఖా పెద్ద ఉదాహరణ కావడానికి కారణం అది వరుని వైపు నుంచి రావడమే.

దీనికి విరుద్ధమైన దృశ్యం కూడా దేశం చూచింది. 2024లో దేశంలోని అత్యంత సంపన్న కుటుంబాలలో ఒకటి బొంబాయిలో చేసిన పెళ్ళి, దాని ముందు వేడుకలు నెలల తరబడి సాగాయి. వారి డబ్బు వారిది అని అనేవారున్నారు. నిజమే. కాని ఆ దృశ్యాలు ప్రతి యింటిలోని చేతిఫోనులోను వెలిగాయి. వాటిని చూచిన వియ్యపురాలు మరునాడు అడిగిన కోరిక మాత్రం ఆ కుటుంబం డబ్బుతో తీరేది కాదు.

‘జీవితంలో పెళ్ళి ఒక్కసారే కదా’ అన్నది చివరి బ్రహ్మాస్త్రం. దుకాణదారు అంటాడు, ఫొటోలవాడు అంటాడు, మేనత్త అంటుంది. ఆ పెళ్ళికి పొలం అమ్మడం కూడా ఒక్కసారే జరుగుతుంది. తిరిగి కొనడం జరగదు. ఆ పొలంతోపాటు చిన్నకూతురి కళాశాల చదువు కూడా పోతుంది. ఆమె పుట్టినప్పుడు పురిటిగది బయట పెద్దల ముఖాలు ఎందుకు వాడిపోయాయో ఇక వెతకనక్కరలేదు. కూతురు భారమన్న భావం ఎక్కడి నుంచో ఊడిపడలేదు. బారాత్ లెక్క నుంచి వచ్చింది.

కాబట్టి సంబంధం మాట్లాడుకొనే రోజున, తాంబూలాలు మార్చుకొనే ముందు, ఒక కాగితం మీద మూడు విషయాలు వ్రాసుకోవడం మంచిది: ఇరువైపుల నుంచి వచ్చేవారి సంఖ్య, మొత్తం ఖర్చు, అందులో ఎవరి సగం ఎంత. మంచి వేళలో కాగితం మాట ఎందుకని పెద్దలు నొచ్చుకొంటారు. లగ్నపత్రిక కూడా కాగితమే. అందులో గ్రహాలు ఏ యింట ఉన్నవో వ్రాసుకొన్నవారు, విస్తళ్ళు ఎన్నో వ్రాసుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. మొదట పేనా పట్టుకోవలసినవాడు వరుడు. తండ్రి పక్కన తలవంచుకొని కూర్చుండి, ‘అంతా నాన్నగారి ఇష్టం’ అనే పట్టభద్రుల సంఖ్య ఉత్తరాదిలోను, దక్షిణాదిలోను ఏమాత్రం తగ్గలేదు. సోనా నిరక్షరాస్యురాలు, ఆమె కబురు పంపగలిగింది.